ఎలిమెంటరీ పిల్లలకు హ్యాండ్‌బాల్ నేర్పడం: మొదటి క్యాచ్ నుంచి మొదటి మ్యాచ్ దాకా

నలభై మంది పిల్లలు, నాలుగు బంతులు, ఒక ఖాళీ మైదానం. రెండు జట్లు చేసి ఈల వేస్తే ఆట మొదలైపోతుంది. గట్టున నిలబడి చూసేవారికి అంతా హుషారుగానే కనిపిస్తుంది. కానీ ఎవరో ఒక్క పిల్లవాడి మీద చూపు నిలిపి అయిదు నిమిషాలు గమనించండి. బంతి వెంట అటూ ఇటూ పరుగెత్తుతాడు, అరుస్తాడు, చెమట పడతాడు, కానీ బంతి ఒక్కసారి కూడా అతని చేతికి రాదు. ఎత్తుగా, చురుకుగా ఉన్న ముగ్గురు నలుగురే ఆట మొత్తం ఆడేస్తారు. మిగతావాళ్ళు ఆటలో ఉన్నట్టే ఉంటారు, ఆట మాత్రం వాళ్ళకు అందదు.

అందుకే ఈ వయసులో స్కోరు ఎంతో నేను పట్టించుకోను. ఒక్కో బిడ్డ చేతిలోకి బంతి ఎన్నిసార్లు వచ్చిందనేదే చూస్తాను. కింద చెప్పబోయే ప్రతి మెట్టూ, ప్రతి సర్దుబాటూ ఆ లెక్క పెంచడం కోసమే. 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. హ్యాండ్‌బాల్ ఎప్పుడూ ఆడని టీచరు కూడా దీన్ని చూసి నేర్పవచ్చు.

ముందు ఆట కొలతలు తగ్గించండి

పెద్దల హ్యాండ్‌బాల్ కోర్టు పొడవు 40 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు. గోల్ 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. గోల్ ముందు 6 మీటర్ల దూరంలో ఒక వంపు గీత ఉంటుంది. ఆ గీత లోపల గోల్ కీపర్ తప్ప మరెవరూ అడుగు పెట్టకూడదు. ఒక్కో జట్టులో గోల్ కీపర్‌తో కలిపి 7 మంది. ఎనిమిదేళ్ళ పిల్లలను ఈ కొలతల్లోకి దింపితే కోర్టు ఒక చివర నుంచి మరో చివరకు పరుగెత్తడంలోనే వాళ్ళ ఓపిక అయిపోతుంది. 2 మీటర్ల ఎత్తున్న గోల్‌లో నిలబడిన చిన్న కీపర్ తల మీదుగా ఎవరు ఎలా విసిరినా గోలే. అలాంటి గోల్ వల్ల విసిరినవాడు నేర్చుకునేదేమీ ఉండదు, ఆపలేకపోయినవాడికి ఏడుపు మిగులుతుంది.

చాలా దేశాల్లో చిన్నపిల్లలకు ఆడించేది మినీ హ్యాండ్‌బాల్. కోర్టు ఇంచుమించు 20 మీటర్ల పొడవు, 13 నుంచి 15 మీటర్ల వెడల్పు. జట్టుకు నలుగురు, వాళ్ళతో పాటు ఒక గోల్ కీపర్. గోల్ వెడల్పు సుమారు 2.4 మీటర్లు, ఎత్తు సుమారు 1.6 మీటర్లు. మీ దగ్గర బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటే దాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేయండి. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల ఆ స్థలంలో రెండు చిన్న కోర్టులు వస్తాయి. ఒకేసారి ఇరవై మంది ఆడతారు. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉన్న వాలీబాల్ కోర్టు కూడా చిన్న తరగతుల పిల్లలకు బాగా సరిపోతుంది. గోల్ స్తంభాలు లేకపోతే రెండు కోన్లు పెట్టి, "కీపర్ చేయెత్తితే అందేంత ఎత్తు దాకానే గోల్" అని ఒప్పందం చేసుకోండి. పెద్ద గోల్ ఉంటే పై కడ్డీ నుంచి ఒక గుడ్డ వేలాడదీసి ఎత్తు తగ్గించవచ్చు.

ఇనుప గోల్ స్తంభాలు వాడేటట్లయితే ఒక్క జాగ్రత్త తప్పనిసరి. అవి నేలకో గోడకో గట్టిగా బిగించి ఉండాలి. పిల్లలు పై కడ్డీ పట్టుకుని వేలాడతారు. బిగించని గోల్ ముందుకు పడితే ప్రాణానికే ప్రమాదం. ప్రతి పీరియడ్‌కు ముందు చేత్తో ఊపి చూడండి.

ఇక బంతి. పోటీల్లో వాడే ఒకటో సైజు బంతి చుట్టుకొలత 50 నుంచి 52 సెంటీమీటర్లు, బరువు 290 నుంచి 330 గ్రాములు. ఇది 8 నుంచి 12 ఏళ్ళ అబ్బాయిలకు, 8 నుంచి 14 ఏళ్ళ అమ్మాయిలకు ఉద్దేశించినది. అంతకన్నా చిన్నవాళ్ళకు మెత్తటి ఫోమ్ బంతులో, చేతిలో ఇమిడే చిన్న రబ్బరు బంతులో ఇవ్వండి. మొదటి నెల అందరికీ మెత్తని బంతే మంచిదని నా గట్టి అభిప్రాయం. బంతి తగిలితే నొప్పి పుడుతుందన్న భయం ఒక్కసారి మనసులో పడిందా, ఆ పిల్ల ప్రతి పాస్‌కూ ముఖం పక్కకు తిప్పేస్తుంది. ఆ అలవాటు మాన్పించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం. ఉన్న బంతులు గట్టిగా ఉంటే కొంచెం గాలి తీసేయండి. పట్టు కూడా సులువవుతుంది.

మొదటి మెట్టు: బంతితో చనువు

దీనికి రెండు మూడు పీరియడ్లలో పది నిమిషాల చొప్పున చాలు. వీలైతే ఒక్కొక్కరికి ఒక బంతి, లేకపోతే ఇద్దరికి ఒకటి. నడుము చుట్టూ, మోకాళ్ళ చుట్టూ తిప్పడం, కాళ్ళ మధ్య ఎనిమిది అంకెలా తిప్పడం, పైకి ఎగరేసి చప్పట్లు కొట్టి పట్టుకోవడం, నేలకు కొట్టి ఒక చేత్తో అందుకోవడం. కుడిచేత్తో చేసినదంతా ఎడమచేత్తో కూడా చేయించండి. బంతిని అరచేతికి ఆనించకుండా వేళ్ళతో పట్టుకోమనండి. అరచేతికీ బంతికీ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. వేళ్ళు చాలని పిల్లలు ఉంటారు. వాళ్ళ చేతికి బంతి పెద్దదైందని అర్థం, ఇంకా చిన్నది ఇవ్వండి.

రెండో మెట్టు: క్యాచ్

విసరడం కన్నా ముందు పట్టడం నేర్పాలి. పిల్లలకు విసరడమే ఇష్టం కాబట్టి చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. కానీ చిన్నపిల్లల మ్యాచ్‌లో ఆట మాటిమాటికీ ఎందుకు ఆగుతోందో చూడండి. దాదాపు ప్రతిసారీ పట్టలేక వదిలేసిన బంతి వల్లే. పాస్ అందుకోలేని జట్టుకు ఇక ఏ వ్యూహం నేర్పినా ఉపయోగం లేదు.

ఛాతీ నుంచి తల దాకా వచ్చే బంతికి చేతులు ఇలా ఉండాలి: రెండు చేతులూ ముందుకు, మోచేతులు కొంచెం వంచి, వేళ్ళు విప్పి పైకి. బొటనవేళ్ళు రెండూ దగ్గరగా వచ్చి బంతి వెనక గోడలా నిలవాలి. అలా ఉంటేనే బంతి చేతుల మధ్య నుంచి దూసుకొచ్చి ముఖానికి తగలదు. నడుము కన్నా కిందికి వచ్చే బంతికి చేతులు తిరగబడతాయి. వేళ్ళు నేలవైపు, చిటికెన వేళ్ళు దగ్గరగా. వేలి కొసలు ఎప్పుడూ బంతికి ఎదురుగా ఉండకూడదు. వేళ్ళు బెణికేది అప్పుడే. బంతి తాకగానే మోచేతులు మడుచుకుంటూ దాన్ని ఛాతీ దగ్గరికి తెచ్చుకోవాలి. చేతులు బిగుసుకుని ఉంటే బంతి తగిలి ఎగిరిపోతుంది.

పిల్లలకు ఇంత చెప్పనక్కరలేదు. "చేతులు చూపించు, బంతిని చూడు, దగ్గరికి లాక్కో." ఈ మూడు మాటలు చాలు. ప్రతిసారీ ఇవే మాటలు వాడండి. రోజుకో కొత్త మాట వాడితే పిల్లలు తికమక పడతారు.

ఇద్దరిద్దరిని 2 మీటర్ల దూరంలో నిలబెట్టండి. మొదట నేల మీద దొర్లించి ఇవ్వడం, తర్వాత మధ్యలో ఒకసారి నేలకు కొట్టి ఇవ్వడం, ఆ తర్వాత కింది నుంచి మెల్లగా ఎగరేయడం, చివరికి తిన్నగా విసరడం. నేలకు తగిలి లేచిన బంతి కొంచెం నెమ్మదిస్తుంది, కంటికి అందుతుంది. భయపడే పిల్లలకు అదే మంచి ఆరంభం. పదిసార్లలో ఎనిమిదిసార్లు పట్టిన జంటను ఒక అడుగు వెనక్కి జరగనివ్వండి. తరగతి మొత్తాన్ని ఒకేసారి జరపకండి. ఎవరి దూరం వాళ్ళది.

ఇక్కడే ఒక నియమం పెట్టి, సంవత్సరమంతా దాన్ని వదలకండి: ఎదుటివాళ్ళు చేతులు చూపించే దాకా పాస్ ఇవ్వకూడదు. దీనివల్ల ముఖానికి దెబ్బలు బాగా తగ్గుతాయి. ఇంకా పెద్ద లాభం ఏమిటంటే, విసిరే పిల్ల తలెత్తి ఎదుటివాళ్ళను చూడడం, పట్టే పిల్ల చేతులతో బంతి అడగడం రెండూ తమంతట తామే అలవాటవుతాయి. మ్యాచ్‌లో అరుపుల కన్నా చేతుల సైగ ఎంతో మేలు.

మూడో మెట్టు: భుజం మీదుగా విసరడం

హ్యాండ్‌బాల్‌లో పాసుకైనా, షాటుకైనా (గోల్ మీదికి విసరడానికైనా) పునాది ఒకటే, ఒక చేత్తో భుజం మీదుగా విసరడం. దీనికి తొందరపడకండి. ఈ వయసులో కుదిరిన భంగిమే తర్వాత చాలా ఏళ్ళు ఉంటుంది. తప్పుగా అలవాటైతే వేగం పెరిగేకొద్దీ భుజానికీ మోచేతికీ భారం పెరుగుతుంది.

కుడిచేతివాటం పిల్లకు ఇలా చెప్పండి. పక్కకు తిరిగి నిలబడు, ఎడమ భుజం ఎదుటివాళ్ళ వైపు. ఎడమకాలు ముందు. బంతిని రెండు చేతులతో పైకి తెచ్చి, తర్వాత కుడిచేత్తో తల వెనకవైపుకు తీసుకో. మోచేయి భుజమంత ఎత్తులోనో, ఇంకాస్త పైనో ఉండాలి. ఎడమచేయి ఎటు విసరాలో అటు చూపిస్తుంది. ఇప్పుడు ఎడమ అడుగు ముందుకు వేస్తూ తిరుగు. ముందు నడుము, తర్వాత భుజం, ఆ తర్వాత మోచేయి, చిట్టచివర మణికట్టు. బంతి వదిలాక వేళ్ళు గురివైపు చూడాలి. ఎడమచేతివాటం వాళ్ళకు ఇదంతా తిరగేసి చెప్పండి. వాళ్ళను కుడిచేతికి మార్చే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయకండి. కోర్టు కుడివైపు నుంచి గోల్ మీదికి విసరడానికి ఎడమచేతి ఆటగాడికే మంచి కోణం దొరుకుతుంది. అందుకే ఏ జట్టయినా అలాంటివాళ్ళ కోసం వెతుకుతుంది.

ఎక్కువగా కనిపించే తప్పులు మూడు. మొదటిది, మోచేయి పక్కటెముకల దగ్గరికి జారిపోయి బంతిని తోసేయడం. మాటలతో సరిదిద్దబోతే ఇది పోదు. పిల్ల ముందు తల ఎత్తు కన్నా కొంచెం పైన ఒక తాడు కట్టి, దాని మీదుగా విసరమనండి. తాడు దాటించాలంటే మోచేయి పైకి లేవక తప్పదు. రెండోది, విసిరే చేయివైపు కాలే ముందుకు పెట్టడం. నేల మీద సుద్దముక్కతో ఒక పాదం గీసి "ఈ కాలు ఇక్కడ" అంటే సరి. మూడోది, ఛాతీ ఎదురుగా పెట్టి నిలబడి చేతి బలంతోనే విసరడం. వీళ్ళను గోడకు పక్కగా నిలబెట్టి, "ముందు నీ బొడ్డు గోడను చూడాలి, తర్వాత బంతి వెళ్ళాలి" అనండి. నవ్వుకుంటూనే తిరుగుతారు.

గోడ దొరికితే దాన్ని మించిన భాగస్వామి లేడు. ఛాతీ ఎత్తులో ఒక గీత, దాని పైన మూడు నాలుగు గుండ్రాలు గీయండి. 3 మీటర్ల నుంచి విసిరి, తిరిగి వచ్చిన బంతిని పట్టుకోవాలి. ఒక్క నిమిషంలో ఒక్కో పిల్లకు ఎన్ని విసుర్లు, ఎన్ని క్యాచ్‌లు వస్తాయో చూడండి. వరసలో నిలబెట్టి వంతులవారీగా విసిరిస్తే అన్ని రావడానికి పీరియడ్ మొత్తం పడుతుంది. వరసలంటే నాకు ఉన్న అయిష్టానికి కారణం ఇదే. వరసలో నలుగురి కన్నా ఎక్కువమంది కనిపిస్తే మరో స్థావరం పెట్టండి.

గట్టిగా విసిరే ముందు భుజాలు వెచ్చబడాలి. చేతులు గుండ్రంగా తిప్పించి, దగ్గరి నుంచి మెల్లని పాసులు చేయించాకే దూరం పెంచండి.

నాలుగో మెట్టు: కదులుతూ పాస్, ఖాళీ చోటు

నిలబడి పాసులు బాగా వచ్చాక చాలా తరగతులు అక్కడే ఆగిపోతాయి. అసలు ఆట మొదలయ్యేది ఇక్కడ. ఇద్దరు పిల్లలు 3 మీటర్ల ఎడంతో పక్కపక్కన నడుస్తూ పాసులు ఇచ్చుకోవాలి, తర్వాత జాగింగ్‌లో, ఆ తర్వాత పరుగులో. పరుగెత్తుతున్నవాళ్ళు ఇప్పుడున్న చోటికి కాకుండా, ఇంకో అడుగు వేస్తే చేరే చోటికి విసరాలి. ఇది చెప్తే అర్థం కాదు. వెనకపడిన బంతి కోసం తన స్నేహితుడు ఆగి తిరగాల్సి వచ్చిందని కళ్ళారా చూసినప్పుడే అర్థమవుతుంది. అలా జరిగినప్పుడు ఆట ఆపి, "బంతి ఎక్కడికి వెళ్తే వాడు ఆగకుండా పరుగెత్తేవాడు?" అని అడగండి. జవాబు పిల్లలే చెప్తారు.

తర్వాత ఎదురు మనిషిని పెట్టండి. ముగ్గురు పాస్ ఇచ్చుకుంటుంటే ఒకరు మధ్యలో దొంగ. 6 మీటర్ల చదరం చాలు. దొంగ బంతి ముట్టుకుంటే విసిరినవాళ్ళు దొంగ అవుతారు. ముగ్గురూ కదలకుండా నిలబడిపోతే దొంగకు పని సులువవుతుంది. అప్పుడు ఒకటే మాట నేర్పండి: "పాస్ ఇవ్వు, చోటు మారు." బంతి ఉన్నవాళ్ళకూ తమకూ మధ్య దొంగ నిలబడితే పాస్ రాదని, రెండడుగులు పక్కకు జరిగితే దారి తెరుచుకుంటుందని అయిదారు నిమిషాల్లో వాళ్ళకే తెలిసిపోతుంది.

ఇది బాగా వచ్చాక "అయిదు పాసులు" ఆడించండి. 10 మీటర్ల చదరంలో ముగ్గురికి ముగ్గురు. బంతి నేలకు కొట్టకూడదు, బంతితో నడవకూడదు. కింద పడకుండా, ఎదుటివాళ్ళకు చిక్కకుండా వరసగా అయిదు పాసులు పూర్తిచేస్తే ఒక పాయింటు. ఒకసారి పాస్ ఇచ్చినవాళ్ళకే వెంటనే తిరిగి ఇస్తే లెక్కలోకి రాదు. ఆఖరి నియమం చిన్నదిలా కనిపిస్తుంది గానీ ఎంతో పని చేస్తుంది. ఇద్దరు నేస్తాలు వాళ్ళలో వాళ్ళే ఆడుకోవడం ఆగిపోయి, మూడో పిల్లకు బంతి అందుతుంది. ఈ ఒక్క ఆటను నెలల తరబడి ఆడించినా పిల్లలకు విసుగు రాదు. ఒక్కటే ఎంచుకోమంటే నేను ఇదే ఎంచుకుంటాను.

అయిదో మెట్టు: మూడు అడుగులు, మూడు సెకన్లు

బంతి పట్టుకున్నాక ఆటగాడు 3 అడుగులకు మించి వేయకూడదు, 3 సెకన్లకు మించి చేతిలో ఉంచుకోకూడదు. ఆ లోపు పాస్ ఇవ్వాలి, షాట్ కొట్టాలి, లేదా నేలకు కొట్టాలి. గాలిలో ఉండగా బంతి పట్టుకుంటే, కింద మొదటిసారి మోపిన కాలు అడుగు కిందికి రాదు. ఆ తర్వాత వేసేవే లెక్క.

కుడిచేత్తో విసిరేవారి లయ "ఎడమ, కుడి, ఎడమ". ఆఖరి ఎడమకాలి మీద బలం మోపి విసరాలి, తర్వాతి రోజుల్లో ఎగరాలి. నేల మీద మూడు గుండ్రాలు గీసి, బంతి లేకుండా నోటితో అంటూ నడిపించండి. ఆ తర్వాత చేతిలో బంతి పెట్టి, ఆపైన పాస్ అందుకుని. రెండో తరగతి పిల్లలకు ఇది కుదరడానికి వారాలు పడుతుంది, పట్టనివ్వండి. మ్యాచ్‌లో మొదట్లో నాలుగో అడుగును చూసీ చూడనట్టు వదిలేయవచ్చు. అయితే ఒకరికి వదిలేస్తే అందరికీ వదిలేయాలి. న్యాయం విషయంలో పిల్లల కళ్ళు చాలా చురుకు.

డ్రిబ్లింగ్, అంటే బంతిని నేలకు కొడుతూ ముందుకెళ్ళడం గురించి ఎక్కువ చెప్పను. వేళ్ళతో తోయాలి, బంతి నడుము ఎత్తు దాటకూడదు, పాదానికి కొంచెం ముందుగా పక్కగా పడాలి, చూపు బంతి మీద కాక ముందుకు ఉండాలి. నేలకు కొట్టడం ఆపి బంతి పట్టుకున్నాక మళ్ళీ 3 అడుగులు వేయవచ్చు, మళ్ళీ నేలకు కొట్టకూడదు. ముందు ఖాళీ ఉన్నప్పుడే డ్రిబ్లింగ్ అని చెప్పండి. మొదటి రెండు మూడు నెలలు చిన్న ఆటల్లో దీన్ని పూర్తిగా నిషేధిస్తే మంచిది. లేకపోతే చురుకైన పిల్లవాడు బంతి తీసుకుని ఒంటరిగా గోల్ దాకా వెళ్ళిపోతాడు. మిగతా ముగ్గురు చూస్తూ నిలబడతారు.

ఆరో మెట్టు: షాట్

పిల్లలు దీనికోసమే ఎదురుచూస్తుంటారు. మొదటి పీరియడ్ నుంచే చివరి అయిదు నిమిషాలు ఏదో ఒక గురికి కొట్టనివ్వండి, ఆ ఉత్సాహం ఎండిపోకూడదు. పద్ధతిగా నేర్పడం మాత్రం మూడడుగుల లయ కుదిరాకే.

నిలబడి షాట్, తర్వాత మూడడుగుల షాట్. గోల్ నాలుగు మూలల్లో గుడ్డలో రింగులో కట్టి, "ఈసారి కింది కుడి" అని విసిరేముందే చెప్పి కొట్టమనండి. బలం గురించి పొగడకండి, గురి గురించి పొగడండి. దేన్ని మెచ్చుకుంటే పిల్లలు దాన్నే పెంచుకుంటారు. కీపర్ కాళ్ళ ముందు నేలకు తగిలి లేచే షాట్ కూడా చూపించండి. బలం తక్కువున్న పిల్లలకు అది గొప్ప ఆయుధం.

ఎగిరి కొట్టే షాట్ 9 ఏళ్ళు దాటినవాళ్ళకు. కుడిచేతివాటమైతే ఎడమకాలితో ఎగరాలి, కుడి మోకాలు పైకి లేపాలి, ఎగిరిన ఎత్తు చివర బంతి వదలాలి. మోకాలు వంచి మెత్తగా దిగాలి. కాళ్ళు బిగబట్టి దిగే పిల్లను వెంటనే ఆపి, బంతి లేకుండా ఎగిరి దిగడం మరోసారి నేర్పండి. ఇక్కడే పిల్లల కళ్ళు మెరిసే నియమం ఒకటి చెప్పవచ్చు: గోల్ ముందున్న వంపు గీత బయటి నుంచి ఎగిరి, గీత లోపలి గాలిలో ఉండగా కొట్టవచ్చు. నేలను తాకే లోపు బంతి చేయి దాటాలి, అంతే. గీత తొక్కి ఎగిరితే మాత్రం గోల్ చెల్లదు.

కీపర్ తల మీదికి గురిపెట్టి కొట్టడం మొదటి రోజు నుంచే పూర్తిగా నిషేధం. ఇందులో రాజీ వద్దు.

గోల్ కీపర్: అందరి వంతు

లావుగా ఉన్నాడనో, పరుగెత్తలేడనో ఒక పిల్లవాణ్ణి శాశ్వతంగా గోల్‌లో నిలబెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. అలా నిలబడినవాడు ఆట అంటే దెబ్బలు తినడమేనని నేర్చుకుంటాడు. ప్రతి మూడు నాలుగు నిమిషాలకు కీపర్ మారాలి. అందరూ ఆ చోట నిలబడితే, ఎంత దగ్గరి నుంచి ఎంత గట్టిగా కొట్టవచ్చో అందరికీ తెలిసొస్తుంది.

మోకాళ్ళు కొంచెం వంగి, చేతులు రెండూ తల ఎత్తులో పక్కలకు, అరచేతులు బంతివైపు. బంతి ఎటు కదిలితే అటు చిన్న చిన్న అడుగులతో జరగాలి. గోల్ గీత మీద అతుక్కుపోకుండా ఒక అడుగు ముందుకు వస్తే మూలలు సగం మూసుకుపోతాయి. కిందికి వచ్చే బంతికి కాలూ చేయీ రెండూ వెళ్ళాలి. మిగతా ఆటగాళ్ళు మోకాలి కింద భాగంతో బంతిని తాకకూడదు. కీపర్ మాత్రం తన ప్రాంతంలో గోల్ ఆపేటప్పుడు కాలితోనైనా ఆపవచ్చు. మొదట మెత్తని బంతులతో, దూరం నుంచి, మీరే విసరండి. పది ఆపాక పిల్ల ముఖంలో భయం పోతుంది.

కీపర్ ఆపిన బంతి గోల్ పక్కగా కోర్టు చివరి గీత దాటి బయటికి పోతే మళ్ళీ కీపరే ఆట మొదలుపెడతాడు. ఫుట్‌బాల్ అలవాటున్న పిల్లలు అక్కడ కార్నర్ అడుగుతారు. ఈ ఆటలో అది లేదు. ఆపగానే తలెత్తి ఖాళీగా ఉన్న తమ జట్టు మనిషికి బంతి అందించడం కూడా కీపర్ పనేనని చెప్పండి.

డిఫెన్స్: చేతుల కన్నా ముందు కాళ్ళు

చిన్నపిల్లలకు డిఫెన్స్ అంటే ఎదుటివాళ్ళ చేతిలోంచి బంతి లాక్కోవడం. ఈ ఆటలో అది తప్పు. పట్టి లాగడం, తోయడం, చేతిలో ఉన్న బంతిని కొట్టి పడేయడం కూడా తప్పే. కొట్టకుండా తెరిచిన అరచేత్తో బంతిని తప్పించవచ్చు, చేతులు చాచి పాస్‌కూ షాట్‌కూ అడ్డుపెట్టవచ్చు, ఒంటితో దారికి అడ్డంగా నిలబడవచ్చు. పిల్లల స్థాయిలో తాకకుండా ఆడమనడమే మేలు.

ఇద్దరిద్దరిగా చేసి, 3 మీటర్ల వెడల్పు దారి గీయండి. ఒకరు బంతి లేకుండా దారి చివరికి చేరాలి. ఇంకొకరు చేతులు వెనక్కి కట్టుకుని, పక్కడుగులతో ఎదురుగా ఉంటూ ఆపాలి. చేతులు కట్టేస్తే కాళ్ళు పనిచేయడం మొదలుపెడతాయి. రెండు మూడు పీరియడ్ల తర్వాత చేతులు విప్పి, పైకెత్తి ఆడనివ్వండి. ఎప్పుడూ ఎదుటివాళ్ళకూ తమ గోల్‌కూ మధ్య నిలబడాలి. డిఫెన్స్‌లో నేర్పాల్సిన అసలు సూత్రం అదొక్కటే.

మ్యాచ్‌లో ఒకరికి ఒకరు కాపలా పద్ధతే పెట్టండి. అందరూ వెనక్కి వెళ్ళి గోల్ ముందున్న వంపు గీత దగ్గర గోడ కట్టే పద్ధతి పెద్దల ఆటలో మామూలే, మ్యాచ్‌లు గెలిపిస్తుంది కూడా. కానీ పిల్లలు అలా ఆడితే డిఫెండర్లు చేతులెత్తి నిలబడతారు, ఎదుటిజట్టు దూరం నుంచి విసరలేక అవస్థ పడుతుంది, ఎవరూ కదలరు. కొన్ని దేశాల్లో చిన్నపిల్లల పోటీల్లో మనిషికి మనిషి కాపలా తప్పనిసరి చేసింది ఇందుకే. అప్పుడు ప్రతి పిల్లకూ ఒక పని ఉంటుంది. బంతి కోసం ఖాళీ చోటు వెతుక్కోవడం కూడా తప్పనిసరి అవుతుంది.

చిన్న మ్యాచ్

నలుగురికి నలుగురు, ఒక్కో వైపు ఒక కీపర్. ఒక్కో మ్యాచ్ 8 నుంచి 10 నిమిషాలు. గోల్ ముందు గీతను 5 మీటర్లకు తేండి. గోల్ పడ్డాక బంతిని మధ్యకు తీసుకెళ్ళకుండా, కీపరే వెంటనే ఆట మొదలుపెట్టాలి. ఆట ఆగే సమయం తగ్గుతుంది, గోల్ తిన్న బాధ కూడా తొందరగా మరిచిపోతారు. తప్పు జరిగితే జరిగిన చోటి నుంచే రెండో జట్టుకు ఫ్రీ త్రో (అడ్డులేని విసురు), తప్పు చేసిన జట్టువాళ్ళు 3 మీటర్ల దూరంలో ఉండాలి. ఈల వేసినప్పుడల్లా కారణం ఒక్క ముక్కలో చెప్పండి: "నాలుగు అడుగులు", "గీత తొక్కావు". పిల్లలు నియమాలు నేర్చుకునేది ఆ ఒక్క ముక్కలతోనే. బోర్డు మీద రాసి చెప్పనవసరం లేదు. పెద్దల ఆటలో మొరటుగా ఆడినవాళ్ళను 2 నిమిషాలు బయటికి పంపి, జట్టును ఒకరు తక్కువతో ఆడిస్తారు. పిల్లల దగ్గర ఆ పిల్లను కాసేపు కూర్చోబెట్టి, బదులు మరొకరిని దింపండి. తప్పు చేసిన పిల్లకు విషయం అర్థమవుతుంది, మిగతా జట్టుకు నష్టం ఉండదు.

స్కోరు లెక్కలో ఒక మంచి పద్ధతి ఉంది. కొన్నిచోట్ల పిల్లల పోటీల్లోనే వాడతారు. జట్టు కొట్టిన గోల్స్‌ను, గోల్ కొట్టిన పిల్లల సంఖ్యతో హెచ్చిస్తారు. ఒక జట్టు 8 గోల్స్ కొట్టింది, అన్నీ ఒక్కరే కొట్టారు, లెక్క 8. ఇంకో జట్టు 5 గోల్సే కొట్టింది, కానీ ముగ్గురు కొట్టారు, లెక్క 15. ఈ లెక్క వినగానే జట్టులో అందరికన్నా బాగా ఆడే పిల్ల, ఇంతవరకు గోల్ కొట్టని స్నేహితురాలి కోసం చూడడం మొదలుపెడుతుంది. ఏ ఉపదేశంతోనూ ఇంత త్వరగా ఆ మార్పు రాదు.

40 నిమిషాల పీరియడ్ ఎలా నడపాలి

మొదటి 6 నిమిషాలు బంతితోనే వార్మప్. మైదానం చుట్టూ పరుగులు పెట్టించకండి, ఆ సమయంలో బంతి ముట్టుకోవచ్చు. ముట్టించే ఆట ఆడిస్తూ, చేతిలో బంతి ఉన్నవాళ్ళను ముట్టకూడదని నియమం పెడితే పాసులూ పరుగూ రెండూ అయిపోతాయి. తర్వాత 10 నిమిషాలు ఆ రోజు నైపుణ్యం, ఒక్కటే. మరో 10 నిమిషాలు ఆ నైపుణ్యం వాడక తప్పని చిన్న ఆట. తర్వాత 12 నిమిషాలు మ్యాచ్‌లు, చివరి 2 నిమిషాలు బంతులు సర్దడం. ఆడించే ముందు ఉంగరాలు, గాజులు, గొలుసులు తీయించండి. గోళ్ళు పెరిగి ఉంటే కత్తిరించుకుని రమ్మనండి.

బంతులు తక్కువగా ఉంటే తరగతిని మూడు గుంపులు చేయండి. ఒక గుంపు గోడ దగ్గర, ఒకటి బంతి అక్కరలేని డిఫెన్స్ ఆటలో, ఇంకొకటి మ్యాచ్‌లో. ఎనిమిది నిమిషాలకోసారి మారాలి.

బంతి దగ్గరికే రాని పిల్లలు ప్రతి తరగతిలో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళను పేరు పెట్టి పిలిచి అందరి ముందు ఆడమని ఒత్తిడి చేయకండి. మ్యాచ్ మొదలుపెట్టే మొదటి పాస్ వాళ్ళ చేత ఇప్పించండి, త్రో ఇన్‌లు (పక్క గీత దాటిన బంతిని లోపలికి విసరడం) వాళ్ళకు అప్పగించండి. ఎదురుగా ఎవరూ మీద పడని సమయంలో బంతి చేతికొస్తే ధైర్యం మెల్లగా కుదురుతుంది. కొన్ని వారాలకు తామే చేతులు చూపించి పాస్ అడుగుతారు. చూపు కొంచెం తక్కువున్న పిల్లలు ఉంటే నేల రంగులో కలిసిపోని ముదురు పసుపు బంతి వాడండి. ఆ బంతి మిగతా అందరికీ కూడా బాగా కనిపిస్తుంది.

పెద్ద కోర్టుకు ఎప్పుడు వెళ్ళాలి? వయసు చూసి నిర్ణయించకండి, ఆట చూసి నిర్ణయించండి. పరుగులో వచ్చిన పాస్‌ను చాలావరకు పట్టుకోగలగాలి. పాస్ ఇచ్చాక చెప్పకుండానే చోటు మారాలి. బంతి పోగానే తను కాపలా కాయాల్సిన మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. ఈ మూడూ తరగతిలో ఎక్కువమందికి వచ్చాక, మొదట అదే చిన్న కోర్టులో జట్టుకు ఒకరిని పెంచండి. తర్వాత కోర్టు పొడవు పెంచండి, ఆ తర్వాత గీతను 6 మీటర్లకు జరపండి. మూడూ ఒకేసారి మార్చితే, బంతి మళ్ళీ ఆ ముగ్గురు నలుగురి చేతుల్లోకే వెళ్ళిపోతుంది. అలా జరుగుతున్నట్టు కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి వచ్చి, మరో రెండు వారాలు అక్కడే ఆడించండి.